తుక్కు యార్డు నుంచి హాట్ రాడ్ దాకా: పాత కారు పార్టులు చూసుకోవడం, విప్పుకోవడం, బాగు చేసుకోవడం

హాట్ రాడ్ అంటే తెలియని వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా. 1920లు, 30ల నాటి పాత అమెరికన్ కారు, ఎక్కువగా ఫోర్డ్, దాన్ని పట్టుకుని అక్కర్లేని బరువంతా పీకేసి పెద్ద ఇంజన్ పెట్టి స్పీడు కోసం మార్చుకున్న బండి. ఈ పిచ్చి మొదలైందే తుక్కు నుంచి. దక్షిణ కాలిఫోర్నియాలో మురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద బళ్ళు పరిగెత్తించిన కుర్రాళ్ళకి కొత్త పార్టులు కొనే స్తోమత ఎక్కడిది, జంక్ యార్డుల మీద పడి ఒక కారు ఇరుసు, ఇంకో కారు బ్రేకులు, మరో లారీ స్టీరింగ్ పీక్కొచ్చి కలిపి కుట్టేవాళ్ళు. యుద్ధం అయ్యాక 1946లో బిల్ బర్క్ అనే ఆయన ఏకంగా యుద్ధ విమానం కింద వేలాడే పెట్రోల్ ట్యాంకు తెచ్చి దానికి నాలుగు చక్రాలు తగిలించి రేస్ కారు చేసేశాడు, దాన్నే బెల్లీ ట్యాంకర్ అన్నారు. కాబట్టి తుక్కులోంచి ఏరుకోవడం ఇక్కడ తక్కువ పనేం కాదు, అసలు సంప్రదాయమే అది.

ఐతే ముందే ఒక మాట. నేను మొదటిసారి యార్డు నుంచి టర్బో 350 అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తెచ్చినప్పుడు భలే బేరం కుదిరిందని ఎగిరి గంతేశా. ఇంటికొచ్చాక చూస్తే దాని క్రాస్‌మెంబర్ (గేర్‌బాక్స్‌ని కింద నుంచి మోసే అడ్డపట్టీ) లేదు, డిప్‌స్టిక్ ట్యూబు లేదు, కిక్‌డౌన్ కేబుల్ బ్రాకెట్ లేదు, షిఫ్టర్ లింకేజీ కారులోనే వదిలేసి వచ్చా. రెండు వారాల తర్వాత వెళ్తే ఆ కారు క్రషర్‌లో పడి రేకు ఇటుకైపోయింది. ఆ చిల్లర సామాన్లన్నీ విడివిడిగా కొంటే గేర్‌బాక్స్ కంటే వాటికే ఎక్కువైంది. అందుకే ఈ గైడ్ మొత్తంలో నేను పదే పదే అనేది ఒకటే, పార్ట్ తెచ్చుకోకండి, సెట్టు తెచ్చుకోండి. బ్రాకెట్టు, బోల్టు, లింకు, పుల్లీ, దాన్ని పట్టుకుని ఉన్నదల్లా దాంతోనే రావాలి.

మొదటి మెట్టు: యార్డుకి వెళ్ళకముందు ఇంట్లో

ఏం దొరికితే అది తెద్దాం అని వెళ్తే షెడ్డు నిండుతుంది, బండి మాత్రం కదలదు. ముందు మీ ఫ్రేమ్ దగ్గర కూచుని కొలతలు రాసుకోండి. ముఖ్యంగా వెనక ఇరుసుకి ఫెండర్ లోపల ఎంత చోటుందో, ఇంజన్ ముందు నుంచి రేడియేటర్ దాకా ఎంతుందో, స్టీరింగ్ బాక్స్ కూచునే చోట ఫ్రేమ్ ఎత్తెంతో, ఈ మూడూ చాలా ముఖ్యం. ఇరుసు వెడల్పు కొలవాలంటే వీల్స్ టైర్లతో సహా అవి ఉండాల్సిన చోట నిలబెట్టి, రెండు వీల్స్ లోపల హబ్బుకి ఆనుకునే ముఖాల మధ్య దూరం చూడాలి. టైరు అంచు నుంచి అంచుకి కొలిచి వెళ్ళారో, మోసపోతారు.

చక్రం బోల్టుల లెక్క కూడా రాసుకోండి. 1930లు 40ల ఫోర్డుల్లో చాలావాటికి అయిదు బోల్టులు అయిదున్నర అంగుళాల వలయం మీద ఉంటాయి, తర్వాతి ఫోర్డ్ కార్లలో చాలావరకు నాలుగున్నర, షెవ్రోలే కార్లలో ఎక్కువగా నాలుగూ ముప్పావు. 1936 నుంచి 39 దాకా ఫోర్డ్ వాడిన వైడ్ ఫైవ్ వీల్స్ ఐతే ఏకంగా పదీ పావు అంగుళాల వలయం, చూడటానికి అందంగా ఉంటాయి గానీ దేనికీ కలవవు. ముందు ఒకటి వెనక ఒకటి ఐతే స్పేర్ టైరు రెండు మోయాల్సొస్తుంది, నవ్వుకోకండి, నిజంగా చేశారు జనం.

ఒక అట్టముక్క మీద మీ బెల్‌హౌసింగ్ (ఇంజన్‌కి గేర్‌బాక్స్ కలిసే గంట ఆకారం పోత) బోల్టు రంధ్రాలు, మోటార్ మౌంటు రంధ్రాలు గీసి కత్తిరించుకుని జేబులో పెట్టుకోండి. యార్డులో ఒంటి నిండా గ్రీజుతో ఫోన్‌లో ఫొటోలు వెతుక్కోవడం కంటే అట్టముక్క ఆనించి చూడటం వంద రెట్లు నయం.

రెండో మెట్టు: సంచీ

చాలా యార్డుల్లో మనమే విప్పుకోవాలి. అరంగుళం డ్రైవ్ బ్రేకర్ బార్, దానికి దూర్చుకోడానికి రెండడుగుల పైపు, ఆరు పలకల సాకెట్లు (పన్నెండు పలకలవి వద్దే వద్దు, తుప్పు పట్టిన నట్టు తలని గుండ్రం చేసి పడేస్తాయి), పానాలు, పెద్ద సుత్తి, ఉలి, ప్రై బార్, చేత్తో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్, బ్యాటరీతో నడిచే రంపం, వైర్ బ్రష్షు, చిన్న అయస్కాంతం, టేపు, తలకి పెట్టుకునే లైటు. పాత అమెరికన్ కార్లకి అంగుళాల సైజులు కావాలి, 80ల నుంచి వచ్చినవాటికి మిల్లీమీటర్లవి, రెండూ కలిసి ఉన్న బళ్ళు కూడా చాలానే, కాబట్టి రెండు సెట్లూ పట్టుకెళ్ళండి. బ్రేక్ పైపుల నట్లకి మాత్రం లైన్ రెంచి అని వేరే ఉంటుంది, మామూలు పానా వేస్తే ఆ మెత్తటి నట్టు మూలలు పోతాయి.

వీటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేవి జిప్ కవర్లు, మాస్కింగ్ టేపు, మార్కర్. విప్పిన ప్రతి బోల్టూ కవర్లో, కవర్ మీద రాత, ఆ కవర్ అదే పార్ట్‌కి కట్టి. గుర్తుంటుందిలే అనుకుంటాం, ఆరు నెలల తర్వాత డబ్బాలో రెండొందల బోల్టులు చూస్తూ తల పట్టుకుంటాం.

మూడో మెట్టు: యార్డు లోపల

లోపలికి వెళ్ళగానే విప్పడం మొదలెట్టకండి. ముందు ఒక చుట్టు చేతులు జేబులో పెట్టుకుని తిరగండి. వ్యాన్లు, పికప్పులు, పోలీసులు వాడిన పెద్ద కార్లు, వీటి కింద వంగి చూడండి, గట్టి ఇరుసులూ పెద్ద బ్రేకులూ ఉండేది వాటికే. స్టైలు చూసి స్పోర్ట్స్ కార్ల దగ్గర మూగే జనాన్ని వదిలేయండి, వాటి పార్టులు మనకంటే ముందే ఎవరో పీకేసి ఉంటారు.

జాగ్రత్తల విషయంలో నేను చాదస్తుణ్ణి, ఒప్పుకుంటా. స్టాండుల మీద కదలకుండా ఉందో లేదో ఊపి చూడకుండా ఏ బండి కిందికీ దూరకండి, ఇంజన్ తీసేశాక బరువు వెనక్కి మారి బండి వాలుతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. 70ల నుంచి వచ్చిన కొన్ని కార్ల బంపర్ల వెనక దెబ్బ తట్టుకునే గొట్టాలుంటాయి, వాటిలో ఒత్తిడి మీద గ్యాసు ఉంటుంది, మంట తగిలిస్తే బాంబులా పేలతాయి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో స్టీరింగ్ జోలికి వెళ్ళే ముందు బ్యాటరీ పీకి కాసేపు ఆగాలి. పాత బ్రేక్ లైనింగుల్లో, క్లచ్చుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ముని ఎయిర్ కొట్టి ఊదకండి, తడిపి తుడవండి. అడ్డంగా ఉండే పాత ఫోర్డ్ ప్లేటు స్ప్రింగు ఐతే క్లాంప్ వెయ్యకుండా షాకిల్ (స్ప్రింగు కొసని పట్టుకునే లింకు) విప్పారంటే అది మనిషి ఎముక విరగ్గొట్టగలదు.

నాలుగో మెట్టు: వెనక ఇరుసు

దీని మీద ఎక్కువ సేపు మాట్లాడతా, ఎందుకంటే యార్డులో అసలైన బేరం ఇక్కడే. అందరూ వెతికేది ఫోర్డ్ తొమ్మిది అంగుళాల ఇరుసు (ఆ కొలత ఇరుసు పొడవు కాదు, లోపలి పెద్ద గేరు వ్యాసం), 1957 నుంచి 1986 దాకా ఫోర్డ్ బళ్ళలో వచ్చింది. వెనక మూత ఉండదు, గేర్లున్న మధ్య గుండు మొత్తం ముందువైపు నుంచి ఊడొస్తుంది, అందుకే గేర్లు మార్చడం సులువు. చిక్కేంటంటే అచ్చం ఇలాగే ఉండే ఎనిమిది అంగుళాలది ఇంకోటుంది, దాన్ని చూసి చాలామంది పొరబడతారు. తేడా పట్టుకోడానికి ఒక చిట్కా, మధ్య గుండు చుట్టూ ఉన్న నట్లలో అట్టడుగున ఉన్న రెండింటికీ సాకెట్ నేరుగా పెట్టి చూడండి. సాకెట్ హాయిగా కూచుంటే ఎనిమిది, పైన ఉన్న పోత అడ్డమొచ్చి పానాతోనే పట్టుకోవాల్సొస్తే తొమ్మిది. ఎనిమిది పనికిరాదని కాదు, తేలికైన బండికి మామూలు ఇంజన్‌కి అది చాలు, పైగా దానికి పోటీ తక్కువ.

తొమ్మిది ఇప్పుడు దొరకడం కష్టమే. దాని బదులు నేను చెప్పేది 1995 నుంచి 2001 దాకా వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఇరుసు, ఎనిమిది పాయింట్ ఎనిమిది అంటారు. డిస్క్ బ్రేకులు దాంతోనే వస్తాయి, లోపలి షాఫ్టులకి 31 స్ప్లైన్లు (కొసన ఉండే పళ్ళు), బోల్టులు అయిదు నాలుగున్నర మీద. వెడల్పు దాదాపు యాభై తొమ్మిదిన్నర అంగుళాలు. మూత మీద ఒక చిన్న రేకు ట్యాగ్ బోల్టు కింద ఇరుక్కుని ఉంటుంది, తుడిచి చూస్తే 3 ఎల్ 73 అనో 3 73 అనో కనిపిస్తుంది. మధ్యలో ఎల్ ఉంటే లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే ఏర్పాటు), గేర్ల నిష్పత్తి 3.73. ఎల్ చూశారా, ఇంక పక్క బండి వైపు చూడకండి.

ట్యాగ్ ఊడిపోయి ఉంటే చేత్తోనే లెక్క కట్టొచ్చు. డ్రైవ్‌షాఫ్ట్ మీద సుద్దతో గీత పెట్టండి. ఒక చక్రం కదలకుండా పట్టుకోమని పక్కనున్న వాళ్ళకి చెప్పి రెండోది సరిగ్గా రెండు చుట్లు తిప్పండి, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. మూడున్నర కంటే ఇంకాస్త తిరిగిందంటే 3.55 అన్నమాట. ఒక చక్రం పట్టుకుంటే రెండోది తిరగనని మొండికేస్తే లిమిటెడ్ స్లిప్ బాగా పట్టుతో ఉన్నట్టు, అప్పుడు రెండూ వదిలేసి ఒకటే చుట్టు తిప్పి లెక్కపెట్టండి.

ఈ ఎక్స్‌ప్లోరర్ ఇరుసులో పినియన్ (డ్రైవ్‌షాఫ్ట్ తిప్పే చిన్న గేరు) మధ్యలో ఉండదు, కుడి పక్కకి జరిగి ఉంటుంది, అంటే కుడి షాఫ్ట్ పొట్టి, ఎడమది పొడుగు. హాట్ రాడ్ వాళ్ళు దీన్నే వాడుకున్నారు. పొడుగు వైపు గొట్టాన్ని దాదాపు మూడంగుళాలు కోసి మళ్ళీ అతికి, ఇంకో ఎక్స్‌ప్లోరర్ నుంచి రెండో పొట్టి షాఫ్ట్ తెచ్చి అందులో పెట్టేస్తారు. ఇరుసు సన్నబడుతుంది, పినియన్ మధ్యకొస్తుంది, షాఫ్టు కోసి కొత్త స్ప్లైన్లు వేయించే ఖర్చు లేదు. ఎంత కొయ్యాలన్నది మాత్రం రెండు షాఫ్టులూ పక్కపక్కన పెట్టి మీరే కొలవండి, నా మాట మీద రంపం పెట్టకండి. ఆ వెల్డింగ్ వంకర లేకుండా జిగ్‌లో చేసేవాళ్ళకే ఇవ్వండి. యార్డులో చేయాల్సిందల్లా వెళ్ళిన రోజే ఆ రెండో పొట్టి షాఫ్ట్ కూడా తీసుకోవడం. దాని కోసం మూత విప్పి, నూనె పట్టడానికి డబ్బా పెట్టి, లోపల పినియన్ పిన్ను తీసి, షాఫ్ట్ లోపలికి తోస్తే సి ఆకారం క్లిప్పు కింద పడుతుంది, అంతే, షాఫ్ట్ బయటికి లాగేయొచ్చు.

ఇరుసుతో పాటు రావాల్సినవి: హ్యాండ్‌బ్రేక్ కేబుళ్ళు పూర్తి పొడవున, బ్రేక్ గొట్టం బ్రాకెట్లు, యూ బోల్టులు, డ్రైవ్‌షాఫ్ట్ ఇరుసుకి కలిసే చోట ఉన్న యోక్ లేదా ఫ్లాంజి, దాని బోల్టులు. ఎక్స్‌ప్లోరర్‌లో డ్రైవ్‌షాఫ్ట్ ఇరుసుకి గుండ్రటి ఫ్లాంజితో కలుస్తుంది, ఆ కలిసే ముక్క వదిలేసి వస్తే తర్వాత అడాప్టర్ కోసం తిరగాలి.

అయిదో మెట్టు: ఇంజన్

షెవ్రోలే స్మాల్ బ్లాక్ వి8 ఇంజన్ 1955లో 265 ఘనపుటంగుళాలతో వచ్చింది, 350 వచ్చింది 1967లో. ఏది ఏమిటో పెయింటు చూసి చెప్పలేం, వాల్వ్ కవర్ స్టిక్కర్ని అసలు నమ్మకండి. బ్లాక్ వెనక, గేర్‌బాక్స్ కలిసే అంచు మీద, డ్రైవర్ వైపు పోతలో ఉబ్బెత్తు అంకెలుంటాయి. వైర్ బ్రష్షుతో గీకండి. 3970010 కనిపిస్తే చాలావరకు 350 బ్లాకే. మెయిన్ బేరింగుకి రెండు బోల్టులా నాలుగా అనేది ఈ నంబరు చెప్పదు, ఆయిల్ పాన్ విప్పితేనే తెలుస్తుంది, నాలుగు బోల్టులదండీ అని నంబరు చూపించి ఎక్కువ అడిగేవాళ్ళకి నవ్వి ఊరుకోండి. పోత తేదీ ఇంకోచోట ఉంటుంది, ముందు అక్షరం నెల, ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, తర్వాత తారీకు, చివర్లో సంవత్సరం ఆఖరి అంకె ఒక్కటే. అందుకే 9 ఉంటే 1969 కావచ్చు, 79 కావచ్చు, ముందు పక్క కుడి హెడ్డు కింద చదును మీద గుద్దిన ముద్రతో సరిచూసుకోవాలి.

ఇక్కడ కూడా సెట్టు సంగతే. 1986 నుంచి వెనక మెయిన్ సీల్ ఒకే ముక్కగా మారింది, దాంతోపాటు క్రాంక్ వెనక అంచూ మారింది, ఫ్లెక్స్‌ప్లేటుకి (క్రాంక్‌ని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి కలిపే రేకు చక్రం) బరువు ముక్క వచ్చింది. పాత ఇంజన్ ప్లేటు కొత్తదానికి వెయ్యలేం. అలాగే 1968 దాకా కార్లకి పొట్టి వాటర్ పంపు, 69 నుంచి చాలావాటికి పొడుగుది. హాట్ రాడ్‌లో చోటు తక్కువ కాబట్టి పొట్టిదే అందరికీ కావాలి, ఐతే పొట్టి పంపుకి పొట్టి పంపు పుల్లీలూ ఆల్టర్నేటర్ బ్రాకెట్లే ఉండాలి, కలగాపులగం చేస్తే బెల్టు వంకరగా పోయి జారుతుంది. కాబట్టి ముందు నుంచి వెనక దాకా దాని మీద ఏముంటే అది మొత్తం తెచ్చేయండి.

తిరుగుతుందో లేదో చూడటానికి ప్లగ్గులన్నీ తీసి, క్రాంక్ ముందు బోల్టుకి బార్ వేసి నెమ్మదిగా అటూ ఇటూ. కదలకపోతే సిలిండర్లలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె (ఏటీఎఫ్) పోసి వదిలేయడం ఇంటి దగ్గర పని, యార్డులో పైపు వేసి బలవంతం చెయ్యకండి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డిప్‌స్టిక్ మీద నూనె టీ రంగులో చిక్కగా నురగలా ఉంటే లోపలికి నీళ్ళు పోయినట్టే. బ్లాక్ పక్కనున్న ఫ్రీజ్ ప్లగ్గులు (నీటి దారుల రంధ్రాలు మూసే గుండ్రటి బిళ్ళలు) బయటికి ఉబ్బాయంటే చలికి నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి, వాటి చుట్టుపక్కల బ్లాక్ మీద పొడుగ్గా వెంట్రుక లాంటి బీట కోసం వెతకండి.

1932 నుంచి 1953 దాకా వచ్చిన ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి8 దొరికితే అదృష్టమే, ఐతే దానికో జబ్బుంది. ఎగ్జాస్ట్ దారులు బ్లాక్ మధ్య నుంచి పోతాయి కాబట్టి విపరీతంగా వేడెక్కుతుంది, వాల్వ్ సీటు నుంచి సిలిండర్ వైపు పగుళ్ళు రావడం మామూలే. హెడ్డు స్టడ్డు రంధ్రం నుంచి పక్క నీటి రంధ్రానికి పోయే చిన్న బీటలతో బతకొచ్చు, సీటు నుంచి సిలిండర్ లోపలికి దిగిన బీట ఐతే ఆలోచించుకోవాలి. ఏదైనా సరే మెషిన్ షాపులో ప్రెషర్ టెస్ట్ చేయించకముందు దాని మీద రూపాయి కూడా పెట్టకండి. 1949 నుంచి 53 దాకా మెర్క్యురీ (ఫోర్డ్ వాళ్ళదే ఇంకో బ్రాండు) కార్లలో వచ్చిన 255 ఇంజన్ ఐతే దాని నాలుగంగుళాల స్ట్రోక్ క్రాంక్ కోసమే చాలామంది వెతుకుతారు, బ్లాక్ పోయినా క్రాంక్ తెచ్చుకోండి. క్రాంక్‌ని తాడుకి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి, గుడి గంటలా మోగితే మంచిది, టప్‌మని చచ్చిన మోత వస్తే బీట ఉండొచ్చు.

గేర్‌బాక్స్ గురించి ఎక్కువ అక్కర్లేదు, అడుగు పాన్ ఆకారం చూసుకోండి చాలు: చతురస్రానికి ఒక మూల కోసినట్టుంటే టర్బో 350, వంకర టింకరగా పొడుగ్గా ఉంటే టర్బో 400, పదహారు బోల్టులతో దీర్ఘచతురస్రమైతే 700ఆర్4. ఇంక ఏం తెచ్చుకోవాలో నా ఏడుపు పైనే చెప్పా.

ఆరో మెట్టు: స్టీరింగు, ముందు ఇరుసు

పిసినారితనం పనికిరాని చోటు ఇది. పాతకాలం పద్ధతిలో కట్టేవాళ్ళకి 1948 నుంచి 52 దాకా వచ్చిన ఫోర్డ్ ఎఫ్1 పికప్ స్టీరింగ్ బాక్స్ ఇష్టం, ఇటు పక్క నుంచి అటు పక్కకి డ్రాగ్ లింక్ (స్టీరింగ్ కదలికని చక్రానికి చేర్చే కడ్డీ) వేసే క్రాస్ స్టీరింగ్ కావాలంటే 1971 నుంచి 77 దాకా వచ్చిన షెవ్రోలే వేగాది. రెండిట్లోనూ పిట్‌మ్యాన్ ఆర్మ్ (బాక్స్ షాఫ్టుకి ఉండే చెయ్యి) దాంతోనే తీసుకోండి, పుల్లర్ వేసి తీయాలి, సుత్తితో బాదితే లోపల బేరింగులు గుంటలు పడతాయి. షాఫ్టుని పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, లొడలొడలాడితే వదిలేయండి. మధ్యలో మాత్రం కొంచెం ఆట ఉంటే స్క్రూతో సరి చేయొచ్చు.

ముందు ఇరుసు ఐ బీమ్ ఐతే ఒక కొస నుంచి ఇంకో కొసకి దారం లాగి చూడండి, వంకర తెలిసిపోతుంది. కొంచెం వంకరైతే ఇరుసు పని తెలిసిన షాపులో చల్లగానే ప్రెస్‌లో సరి చేస్తారు, మంటతో కాల్చి వంచిన ఇరుసు మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి. స్పిండిళ్ళకి (ముందు చక్రాలు తిరిగే ఇరుసు కొసలు), స్టీరింగ్ ఆర్ములకి వెల్డింగ్ మచ్చ కనిపిస్తే అక్కడే పెట్టి వచ్చేయండి. బ్రేకుల్లో పాతవే కావాలంటే 1939 నుంచి, ఫోర్డ్ హైడ్రాలిక్ మొదలెట్టింది ఆ ఏడాదే, అంతకుముందువి రాడ్లతో నడిచేవి.

బాడీ రేకుల సంగతికొస్తే అయస్కాంతం తీసి తలుపు కింది అంచు, కౌల్ (అద్దం కింద, తలుపు ముందున్న బాడీ భాగం) పక్కలు, వెనక ఫెండర్ కలిసే చోటు మీద పెట్టండి, అంటుకోకపోతే కింద పుట్టీ ఉన్నట్టు. 1930ల మొదట్లో షెవ్రోలే బాడీల్లో రేకు కింద చెక్క ఫ్రేము ఉండేది, చెక్క పుచ్చిపోయిందంటే రేకు ఎంత బాగున్నా తలుపు వేసుకోదు. ముక్క కోసుకోవాల్సొస్తే మీకు కావాల్సినదానికంటే అన్ని వైపులా రెండంగుళాలు ఎక్కువ కోయండి. పాత అతుకుల్లో సీసం ఉంటుంది, గ్రైండర్ పెట్టి దుమ్ము చేయకండి.

స్ట్రామ్‌బర్గ్ 97 కార్బురేటర్ పాడైన మెషీన్ల కింద డబ్బాలో కూడా దొరుకుతుంది, 1936 నుంచి 38 దాకా ఫోర్డ్ వి8ల మీద వచ్చింది, పక్కన 97 అని పోత ఉంటుంది. థ్రాటిల్ షాఫ్ట్ ఊగుతోందా, పెట్రోల్ గొట్టం బిగించే మరలు పోయాయా, ఈ రెండూ చూడండి, మిగతావి బాగు చేసుకోవచ్చు. విమానాల మీటర్లు అందంగా ఉన్నాయని తెచ్చుకునేవాళ్ళుంటారు, పాత మెరిసే అంకెలవైతే అందులో రేడియం పూత ఉండొచ్చు, అద్దం విప్పకండి.

ఏడో మెట్టు: కదలనంటే కదలని బోల్టు

ఇక్కడే సగం మంది ఓడిపోయి ఇంటికెళ్తారు. ముందు బయట ఉన్న మరలు వైర్ బ్రష్షుతో శుభ్రం చేసి తుప్పు వదిలించే నూనె వేయండి. అసిటోన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె సగం సగం కలిపి వాడేవాళ్ళున్నారు, బాగా పనిచేస్తుంది, నిప్పుకి మాత్రం దూరంగా ఉంచండి. పది నిమిషాలాగి బోల్టు తల మీద సుత్తితో నిటారుగా నాలుగు దెబ్బలు గట్టిగా. తర్వాత విప్పే వైపు కాదు, బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పండి. అవును, బిగించే వైపే. లోపల తుప్పు ముక్క విరగాలి, ఎటు తిరిగితే ఏంటి.

ఇప్పుడు చేతికి తెలిసేదాన్ని గమనించండి. కీచుమని అరిచి కొంచెం కదిలిందా, భేష్, మళ్ళీ నూనె, అటు కొంచెం ఇటు కొంచెం, అరుపు ఆగేదాకా. అలా కాకుండా అరవకుండా మెత్తగా, రబ్బరు తిప్పుతున్నట్టు కదులుతుంటే ఆగిపోండి, బోల్టు తిరగట్లేదు, మెడ దగ్గర మెలిపడుతోంది, ఇంకో పావు చుట్టుకి తల మీ చేతిలో ఉంటుంది. అప్పుడు వేడి. యార్డు వాళ్ళు టార్చి ఒప్పుకోరు కాబట్టి ఇది ఎక్కువగా ఇంటి పని, అందుకే ఆ పార్ట్‌ని దాని చుట్టూ ఉన్న ముక్కతో కలిపి రంపంతో కోసుకు రావడం మంచిది. ఇంట్లో నట్టుని వేడి చేయండి, బోల్టుని కాదు, నట్టు వ్యాకోచించాలి. ఎరుపెక్కి మళ్ళీ నల్లబడ్డాక మరల దగ్గర కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి లోపలికి పీల్చుకుంటుంది. బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట ఎట్టి పరిస్థితుల్లోనూ మంట పెట్టొద్దు, క్లోరిన్ ఉన్న రకమైతే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. పెట్రోల్ ట్యాంకు ఖాళీ అయినా సరే దాని దగ్గర మంట, వెల్డింగ్ రెండూ వద్దు.

ఎనిమిదో మెట్టు: తుప్పు వదిలించడం

ఇనుప పార్టులకి నాకు నచ్చింది ఎలక్ట్రాలిసిస్. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు, నాలుగు లీటర్లకి ఒక టేబుల్ స్పూను వాషింగ్ సోడా. పాత రకం బ్యాటరీ చార్జర్ నెగటివ్ మీ పార్ట్‌కి, పాజిటివ్ ఏదో పాత ఇనుప ముక్కకి, రెండూ తగలకూడదు. తారుమారు చేస్తే మీ పార్టే తినేస్తుంది. పాజిటివ్‌కి స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టకండి, నీళ్ళల్లోకి విషపు క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టుకోండి, చెయ్యి పెట్టే ముందు చార్జర్ ఆపండి. అల్యూమినియం, పోత జింకు ఇందులో వెయ్యకూడదు. రాత్రికి రాత్రి తుప్పు నల్లటి బురదలా అయిపోతుంది, బ్రష్షు వేస్తే ఊడొస్తుంది. తీయగానే ఆరబెట్టి నూనె గానీ ప్రైమర్ గానీ పూయాలి, గంటలోనే మళ్ళీ ఎర్రబడుతుంది. స్ప్రింగులు, గట్టి గ్రేడు బోల్టులు ఇందులోనూ యాసిడ్‌లోనూ ముంచకండి, హైడ్రోజన్ లోపలికి పోయి పెళుసుబారి చెప్పకుండా విరుగుతాయి. ఆ బోల్టులు గుర్తు కోసం, పొడవు కొలవడం కోసం తెచ్చుకున్నవి, స్టీరింగుకీ బ్రేకులకీ మాత్రం కొత్తవే వేయండి.

శుభ్రమయ్యాక ముందు ఇరుసు, స్పిండిళ్ళు, స్టీరింగ్ ఆర్ములు మెషిన్ షాపులో మ్యాగ్నాఫ్లక్స్ చేయించండి, కంటికి కనిపించని బీట అందులో గీతలా బయటపడుతుంది. బ్రేక్ డ్రమ్ముల లోపలి వ్యాసం కొలిచి, డ్రమ్ము మీద పోతపోసిన గరిష్ఠ కొలత ఉంటే దాంతో పోల్చుకోండి.

కాగితాలు

చిన్న పార్టులకి రసీదు చాలు, ఐనా దాచుకోండి. ఫ్రేమ్, ఇంజన్ లాంటి నంబరున్నవి కొంటే నంబరు రసీదు మీద రాయించుకోండి. అమెరికాలో 1981 నుంచే 17 అక్షరాల విన్ (బండి గుర్తింపు నంబరు) వచ్చింది, అంతకుముందు కంపెనీకో పద్ధతి, పాత ఫోర్డుల నంబరు ఫ్రేమ్ ఎడమ పట్టీ పైన గుద్ది ఉంటుంది, బాడీ ఎత్తితేనే కనిపించొచ్చు. నంబరు గీకేసిన ఫ్రేమ్ ఎంత చవకైనా ముట్టుకోకండి. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) రూల్స్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి, ఫ్రేమ్ కొనకముందే కనుక్కోండి.

ఇక తెచ్చినవి దాచుకునేటప్పుడు ఇంజన్ రంధ్రాలన్నీ గుడ్డలతో కాదు, టేపుతో మూయండి, గుడ్డ తడి పీలుస్తుంది, ఎలుకలు గూడు కడతాయి. సిలిండర్లలో కాస్త నూనె పోసి నెలకోసారి క్రాంక్ పావు చుట్టు తిప్పండి. ఆ రెండో పొట్టి షాఫ్టుకి గ్రీజు పూసి ప్లాస్టిక్ చుట్టి, ఏ బండిది, ఏ పక్కది, ఏ ఇరుసుకి అని టేపు మీద పెద్దక్షరాలతో రాసి ఆ ఇరుసుకే వైరుతో కట్టేయండి, లేకపోతే ఎవరో ఒకరు దాన్ని ప్రై బార్ అనుకుని వాడేస్తారు, మా షెడ్డులో మా బావ వాడాడు.